చిన్న రీఫ్ ట్యాంకుకు సొంత లైటు మౌంట్: ఎత్తు తేల్చుకోవడం నుంచి చివరి బోల్టు దాకా

లైటుతో వచ్చిన మౌంట్, అంటే లైటును ట్యాంకు పైన నిలిపే స్టాండు, మా ట్యాంకుకు కుదరడం లేదు, సొంతంగా ఎలా చేసుకోవాలి? రీఫ్ ట్యాంకు, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం, పెట్టుకున్న మిత్రులు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. అడిగేసరికే చాలామంది పైపు కొని, కోయించి ఉంటారు. ఆ వరసే తప్పు. ముందు లైటు ఎంత ఎత్తున ఉండాలో తేలాలి. తర్వాత దాని బరువు ఎక్కడ దిగాలో తేలాలి. కొనడం, కోయడం ఆ తర్వాతే.

ఉదాహరణకు ఒక ట్యాంకు తీసుకుందాం. పొడవు 60 సెం.మీ., వెడల్పు 40, ఎత్తు 40. పైన చట్రం లేని గాజు తొట్టె, కింద చెక్క క్యాబినెట్, కిలోన్నర బరువున్న ఒకే ఎల్‌ఈడీ లైటు. మీ కొలతలు వేరైనా లెక్క కట్టే పద్ధతి ఇదే.

పని మొదలుపెట్టే ముందు పగడాల గురించి ఒక మాట. మన దేశంలో రాతి పగడాలన్నీ, వాటితో పాటు సముద్రపు విసనకర్రలనే పగడాలు కూడా, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. అందుకే ఇక్కడి లెక్కలు మష్రూమ్, జోవా, లెదర్ వంటి మెత్తని పగడాలను దృష్టిలో పెట్టుకుని రాశాను. అమెరికా వంటి చోట్ల ఉంటూ చట్టబద్ధంగా రాతి పగడాలు పెంచేవారికి వేరే అంకెలు అవసరమైన చోట విడిగా చెబుతాను.

## 1. బరువు ఎక్కడ దిగాలి

నాలుగు దారులున్నాయి: గాజు అంచు, క్యాబినెట్, గోడ, పైకప్పు.

గాజు అంచుకు బిగించే క్లాంపు అర కిలో లోపు లైటుకు పరవాలేదు. అంతకు మించితే నేను ఒప్పుకోను. లైటు ముందుకు వాలి ఉంటుంది కాబట్టి గాజు మీద పడేది దాని బరువు ఒక్కటే కాదు, వంచే బలం కూడా. పైన చట్రం లేని ట్యాంకులో ఆ బలమంతా గాజు అంచున రెండు అంగుళాల మేర మీదే పడుతుంది. క్లాంపు వాడక తప్పకపోతే రెండు వైపులా రబ్బరు ముక్కలు పెట్టండి. మూలల్లో సిలికాన్ అతుకు దగ్గర మాత్రం బిగించకండి.

పైకప్పు నుంచి తీగలతో వేలాడదీస్తే చూడటానికి బాగుంటుంది. కానీ మన ఇళ్లలో ఫ్యాను వైర్ల గొట్టాలు శ్లాబులోనే పోతాయి, గుడ్డిగా డ్రిల్లు చేయడం ప్రమాదం. పైగా సీలింగ్ ఫ్యాను గాలికి లైటు ఊగుతుంది. అద్దె ఇల్లయితే ఈ ఆలోచన మానుకోవడమే మేలు.

ఇటుక గోడ గట్టిదే. సరైన ప్లగ్గులు వేస్తే బాగా మోస్తుంది. అమెరికాలో జిప్సం బోర్డు గోడలున్నవారు వెనక ఉన్న చెక్క నిట్రాటనే పట్టుకోవాలి. అవి సాధారణంగా 16 అంగుళాలకు ఒకటి ఉంటాయి. ఉత్త బోర్డుకు బిగిస్తే ఊడివస్తుంది.

నా ఓటు క్యాబినెట్‌కే. ట్యాంకు, మౌంట్ ఒకే దిమ్మ మీద ఉంటే వాటి మధ్య కొలత మారదు. ఇక నుంచి చెప్పేదంతా క్యాబినెట్ వెనక నిలబెట్టే మౌంట్ గురించే: ఒక నిలువు కడ్డీ, దాని నుంచి ట్యాంకు మీదికి వచ్చే ఒక అడ్డ కడ్డీ.

## 2. ఎత్తు తేల్చుకోవడం

ఈ గైడులో ఎక్కువ సమయం పెట్టవలసింది ఇక్కడే. ఒక సాయంత్రం పూర్తిగా కేటాయించండి.

ముందు లైటు లెన్సు కోణం చూడండి. పెట్టె మీదో, తయారీదారు ఇచ్చిన వివరాల్లోనో ఉంటుంది. 90 డిగ్రీల లెన్సు అయితే లెక్క సులువు: లైటును నీటికి ఎంత ఎత్తున పెడితే, వెలుగు దాని అంచు దాటి ఒక్కో వైపుకు దాదాపు అంతే పాకుతుంది. 20 సెం.మీ. ఎత్తున పెడితే అటు 20, ఇటు 20. అదే 120 డిగ్రీల లెన్సుకు 20 సెం.మీ. ఎత్తులో ఒక్కో వైపుకు సుమారు 35 సెం.మీ. అంటే 40 సెం.మీ. వెడల్పు ట్యాంకులో చాలా వెలుగు గాజు బయట, మీ కళ్లలో పడుతుంది.

నీటిలోకి దిగాక వెలుగు వంగుతుంది. గాలిలో 45 డిగ్రీల వాలుతో వచ్చిన కిరణం నీటిలో సుమారు 32 డిగ్రీలకు నిటారవుతుంది. కాబట్టి ఖాళీ ట్యాంకు అడుగున కనిపించే వెలుగు మడుగు కన్నా నీళ్లు పోశాక కనిపించేది కాస్త చిన్నది. ఖాళీ ట్యాంకులో రాళ్ల అంచుకు సరిగ్గా సరిపోయినట్టు కనిపిస్తే, నీళ్లు పోశాక చాలదని అర్థం.

ఇక పరీక్ష:

1. ట్యాంకుకు రెండు వైపులా ఎత్తైన స్టూళ్లు వేసి, వాటి మీద గట్టి చెక్క బద్ద అడ్డంగా పెట్టండి. లైటును బద్దకు కట్టండి. తాడు జారినా నీళ్లలో పడకుండా రెండో తాడు వేరే ముడితో కట్టండి.
2. చీకటి పడ్డాక గదిలో దీపాలన్నీ ఆర్పి, లైటును మీరు రోజూ వాడబోయే రంగుల్లో వెలిగించండి.
3. నీటి మట్టానికి 15 సెం.మీ. ఎత్తుతో మొదలుపెట్టి, 5 సెం.మీ. చొప్పున 35 దాకా పెంచుతూ పోండి. స్టూళ్ల కింద పుస్తకాలు, పలకలు వేస్తే సరిపోతుంది.
4. ప్రతి ఎత్తులోనూ మూడు చూడండి: రాళ్ల చివరి దాకా వెలుగు అందుతోందా, రాళ్ల కింద నీడ ఎంత నల్లగా ఉంది, సోఫాలో కూర్చుంటే లైటు కంట్లో కొడుతోందా.
5. ప్రతి ఎత్తుకూ ఫోనుతో ఒకే చోటి నుంచి ఒక ఫొటో తీసి, పక్కన ఎత్తు రాసుకోండి.

పగడాలు వాడుకోగల వెలుగును కొలిచే పార్ మీటరు దొరికితే అంతకన్నా కావలసింది లేదు. కొనాలంటే ఖరీదు, ఎవరి దగ్గరైనా ఒక రోజుకు అడిగి తెచ్చుకోండి. పగడం పెట్టబోయే చోట మష్రూమ్‌లకు 50 నుంచి 100, జోవా, లెదర్‌లకు 75 నుంచి 150 ఉంటే చాలు. రాతి పగడాల్లో వెలుగు బాగా కోరే రకాలకు 200 నుంచి 350 దాకా కావాలి. ఫోనులోని లక్స్ యాప్ నీలి వెలుగును సరిగ్గా పట్టుకోలేదు, దాని అంకెను పార్‌గా మార్చుకోకండి. ఒకే లైటు, ఒకే సెట్టింగు మీద ఏ మూల ఎక్కువ, ఏ మూల తక్కువ అని పోల్చుకోవడానికి మాత్రం పనికొస్తుంది.

చాలా చిన్న ట్యాంకులకు జవాబు 20 నుంచి 30 సెం.మీ. మధ్య వస్తుంది. 15 కన్నా దించితే తుంపర లెన్సుకు అంటి ఉప్పు పొర కడుతుంది, రాయి నడినెత్తిన మండే చుక్క ఒకటి పడుతుంది. మన ఉదాహరణకు 25 అనుకుందాం.

## 3. కొలతల లెక్క

నిలువు కడ్డీ పొడవు క్యాబినెట్ పైభాగం నుంచి ఇలా కట్టండి:

- అడుగు నుంచి నీటి మట్టం: 37 సెం.మీ. (పై అంచుకు 3 సెం.మీ. తక్కువ)
- నీటి నుంచి లైటు అడుగు: 25
- చేతులు పెట్టి పని చేయడానికి పైకి జరుపుకునే వీలు: 15
- లైటు మందం, బిగింపు: 8
- క్యాబినెట్ వెనక దిగే భాగం: 35

మొత్తం 120 సెం.మీ. పైకి జరుపుకునే 15 సెం.మీ. వృథా అనుకుని కొందరు తీసేస్తారు. తర్వాత ప్రతి వారం గాజు తుడిచేటప్పుడు మోచేయి లైటుకు తగులుతూనే ఉంటుంది.

అడ్డ కడ్డీ: ట్యాంకు వెడల్పులో సగం 20, వెనక గాజుకూ కడ్డీకీ మధ్య ఖాళీ 1, లైటు ముందు బిగింపు దాకా మరో 10 కావాలి. 35 సెం.మీ. కోయించండి. మిగిలింది తర్వాత కోసుకోవచ్చు, తక్కువైతే అతికించలేం.

క్యాబినెట్ వెనక దిగే 35 సెం.మీ. ఎందుకో లెక్క చూడండి. కిలోన్నర లైటు కడ్డీకి 25 సెం.మీ. ముందు ఉంటే, దాని వంచే బలం కిలోన్నర ఇంటూ 25, అంటే 37.5. కింద రెండు బోల్టులు 5 సెం.మీ. దూరంలో ఉంటే ఒక్కో బోల్టు మీద ఏడున్నర కిలోల లాగుడు పడుతుంది. అవే 30 సెం.మీ. దూరంలో ఉంటే కిలోంబావు మాత్రమే. బోల్టు లావు పెంచడం కన్నా బోల్టుల మధ్య దూరం పెంచడం ఎక్కువ మేలు చేస్తుంది.

క్యాబినెట్‌కూ గోడకూ మధ్య 6 సెం.మీ. ఖాళీ ఉండాలి. ట్యాంకు నిండాక జరపలేరు, ఇప్పుడే చూసుకోండి.

## 4. సామాను

- నిలువు కడ్డీకి 2040 అల్యూమినియం ప్రొఫైల్ (పొడవునా గాడులున్న 20 × 40 మి.మీ. కడ్డీ), 120 సెం.మీ.
- అడ్డ కడ్డీకి 2020 ప్రొఫైల్ (20 × 20 మి.మీ.), 35 సెం.మీ.
- 90 డిగ్రీల మూల బిగింపులు 3
- ఎం5 స్టెయిన్‌లెస్ బోల్టులు, ప్రొఫైల్ గాడిలో కూర్చునే టీ నట్టులు, వెడల్పు వాషర్లు
- చేత్తో తిప్పే ఎం5 మరలు 2
- 25 మి.మీ. వెడల్పు, 3 మి.మీ. మందం అల్యూమినియం పట్టీ
- నైలాన్ వాషర్లు, కొనలకు మూతలు
- సన్నని స్టెయిన్‌లెస్ తీగ, వెల్క్రో పట్టీలు

ప్రొఫైల్ త్రీడీ ప్రింటర్ విడిభాగాలు అమ్మేచోట దొరుకుతుంది. కోతకు అల్యూమినియం కిటికీలు చేసే దుకాణానికి వెళ్లండి. వాళ్ల రంపం మీద కొన నిటారుగా తెగుతుంది. చేతి రంపంతో కోస్తే కొన వాలి, అడ్డ కడ్డీ వంకరగా కూర్చుంటుంది.

స్టెయిన్‌లెస్‌లో 316 గ్రేడు దొరికితే అదే తీసుకోండి. 304 కూడా పనికొస్తుంది, కొన్నాళ్లకు తుప్పు చుక్కలు వస్తాయి. విశాఖ, కాకినాడ వంటి తీరపు ఊళ్లలో గాలిలోనే ఉప్పు ఉంటుంది కాబట్టి అక్కడివారు తేడా త్వరగా గమనిస్తారు. ఇత్తడి, రాగి సామాను ట్యాంకు పైన ఎక్కడా వద్దు. రాగి నీటిలో కలిస్తే పగడాలకు, రొయ్యలకు విషం. జీఐ (జింకు పూత వేసిన ఇనుము) కూడా వద్దు. ఉప్పుకు దాని జింకు పూత లేచిపోతుంది.

పీవీసీ పైపుతో చేయవచ్చా అని అడుగుతారు. ఎండాకాలం వేడికి అది నెమ్మదిగా వంగుతుంది. త్రీడీ ప్రింటు భాగాలు వాడేవారు ప్రింటింగ్ ప్లాస్టిక్కుల్లో పీఎల్‌ఏ వదిలేయండి, 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. పీఈటీజీ లేదా ఏఎస్ఏ వాడండి.

## 5. నేల మీద బిగింపు

కోత, డ్రిల్లు ట్యాంకు ఉన్న గదిలో చేయకండి. అల్యూమినియం పొడి గాలికి లేచి నీటిలో పడుతుంది. పని అయ్యాక గాడుల్లో బ్రష్షు పెట్టి, తడిగుడ్డతో తుడవండి.

1. కోసిన కొనల అంచులు ఆకురాయితో నున్నగా అరగదీయండి. అక్కడ పైపూత తెగి ఉత్త లోహం బయటపడుతుంది. పారదర్శక లాకర్ పూసి, ఆరాక మూత వేయండి.
2. నిలువు కడ్డీని 40 మి.మీ. వైపు ముందు-వెనకలకు వచ్చేలా తిప్పి పెట్టుకోండి. లైటు వంచేది ఆ దిశలోనే కాబట్టి ఆ దిశలోనే మందం కావాలి. చాలామంది దీన్ని అడ్డంగా తిప్పి పెడతారు.
3. అడ్డ కడ్డీ కొనను నిలువు కడ్డీ ముందు ముఖానికి ఆనించి, పైన ఒకటి, కింద ఒకటి మూల బిగింపులు పెట్టండి. నిలువు కడ్డీ వైపున్న బోల్టుల స్థానంలో చేత్తో తిప్పే మరలు వేయండి. లైటును పైకీ కిందికీ జరపడం వీటితోనే.
4. మూడో మూల బిగింపును అడ్డ కడ్డీ బిగింపు కింద, నిలువు కడ్డీకే, అడ్డుకట్టగా బిగించండి. దీనికి మామూలు బోల్టు వేసి స్పానరుతో గట్టిగా తిప్పండి. పై మరలు వదులైనా అడ్డ కడ్డీ దీని మీద ఆగుతుంది, లైటు నీళ్లలోకి జారదు. లైటును పైకెత్తి పని చేసుకున్నాక తిరిగి పాత ఎత్తుకే దించడానికీ ఇదే గుర్తు. నా దృష్టిలో మౌంట్ మొత్తంలో అతి విలువైన భాగం ఈ చిన్న ముక్కే.
5. లైటుకు ఉన్న బిగింపు రంధ్రాలకు సరిపోయేలా అల్యూమినియం పట్టీ రెండు ముక్కలు చేసి, అడ్డ కడ్డీకి రెండు చోట్ల పట్టించండి. ఒక్కచోటే పట్టిస్తే లైటు తిరుగుతుంది. లైటు డబ్బాకు కొత్త రంధ్రం వేయకండి. లోపల సర్క్యూటు ఉంటుంది, తడి దూరే దారి కూడా అవుతుంది.
6. లైటు పైన గాలి రంధ్రాలు, ఫ్యాను ఉంటే కనీసం 3 సెం.మీ. ఖాళీ వదలండి.
7. స్టెయిన్‌లెస్ బోల్టు తల అల్యూమినియానికి తగిలే ప్రతిచోటా నైలాన్ వాషరు వేయండి. రెండు లోహాల మధ్య ఉప్పు తడి చేరితే అల్యూమినియం తెల్లగా పొడై తినుకుపోతుంది.

## 6. క్యాబినెట్‌కు బిగించడం

వెనక ఉండే పల్చని షీటుకు బిగించకండి. దాని వెనక చట్రం లేకపోతే, లోపలి వైపు పైనుంచి కింది దాకా 18 మి.మీ. ప్లైవుడ్ పట్టీ ఒకటి చట్రానికి మరలతో బిగించి, దాని గుండా బోల్టులు వేయండి. బోల్టు లోపలి నుంచి బయటికి వచ్చి, ప్రొఫైల్ గాడిలోని టీ నట్టులో తిరగాలి. అప్పుడు ప్రొఫైల్‌కు రంధ్రమే అక్కర్లేదు.

పార్టికల్ బోర్డు క్యాబినెట్‌కు చెక్క మరలు ఎప్పుడూ నమ్మకండి. తడికి బోర్డు ఉబ్బితే మర ఊడి చేతికి వస్తుంది. మూడు బోల్టులు వేయండి: పైన ఒకటి, కింద ఒకటి, ఆ రెంటి మధ్య 30 సెం.మీ., నడుమ ఒకటి. లోపలి వైపు వెడల్పు వాషర్లు పెట్టండి. రంధ్రాల అంచులకు వార్నిష్ పూయండి.

రసమట్టం రెండు దిక్కులా పెట్టి చూశాకే చివరి బిగింపు చేయండి. అడుగున ఒక్క డిగ్రీ వాలినా 80 సెం.మీ. ఎత్తున అది దాదాపు సెంటీమీటరున్నర తేడా అవుతుంది.

## 7. బరువు పరీక్ష

లైటు ఎక్కించే ముందు ఇది తప్పనిసరి. ట్యాంకులో ఇప్పటికే నీళ్లుంటే అడ్డ కడ్డీ విప్పి, నిలువు కడ్డీకి పక్క గాడిలో, ట్యాంకు బయటి వైపుకు బిగించి చేయండి.

లైటు బరువుకు మూడింతలు వేలాడదీయాలి. మన లైటు కిలోన్నర కాబట్టి నాలుగున్నర లీటర్ల నీళ్లు సీసాల్లో నింపి, అడ్డ కడ్డీకి లైటు ఉండబోయే చోట కట్టండి. కట్టిన వెంటనే కొన నుంచి నేలకు ఎత్తు కొలవండి. మర్నాడు అదే వేళకు మళ్లీ కొలవండి.

- తేడా 2 మి.మీ. లోపు: సరే.
- 2 నుంచి 5 మి.మీ.: ఎక్కడో బిగింపు జారింది. అన్నీ బిగించి మళ్లీ పరీక్షించండి.
- అంతకు మించి: క్యాబినెట్ బోర్డు వంగుతోంది. లోపలి పట్టీని మరింత పొడవు చేయండి.

## 8. వైర్లు

వైరు సాకెట్టులోకి వెళ్లే ముందు తప్పకుండా ఒక వంపు కిందికి వేలాడాలి. వైరు వెంట జారే నీరు ఆ వంపు దగ్గరే నేల మీద పడుతుంది, సాకెట్టులోకి వెళ్లదు. అడాప్టరును ట్యాంకు కింద క్యాబినెట్‌లో పడేయకండి. పక్క గోడకు, నీటి మట్టానికి పైన, తుంపర అందని చోట బిగించండి.

అక్వేరియం సామానంతా, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ వెనక ఉండాలి. ఇంట్లో లేకపోతే మౌంట్ పని ఆపి ముందు అది పెట్టించండి.

వైరును నిలువు కడ్డీ వెనక వెల్క్రోతో కట్టండి. లైటును పైకి జరిపినప్పుడు బిగుసుకోకుండా 20 సెం.మీ. వదులు ఉంచండి. చివరగా స్టెయిన్‌లెస్ తీగను లైటు నుంచి నిలువు కడ్డీ పై కొనకు కట్టండి. బిగింపులన్నీ ఊడినా లైటు నీటికి పైనే ఆగేంత పొట్టిగా ఉండాలి.

## 9. వెలిగించే ముందు సరిచూసుకోండి

- అడ్డుకట్ట బిగింపు అడ్డ కడ్డీకి ఆనుకుని ఉందా
- నిలువు కడ్డీ వెనక గాజుకు తగలకుండా 1 సెం.మీ. ఖాళీ ఉందా
- భద్రతా తీగ కట్టారా
- వైరు వంపు సాకెట్టు కన్నా కిందికి ఉందా
- చేత్తో నెమ్మదిగా తడితే లైటు వెంటనే నిలుస్తోందా
- చేపలు దూకకుండా వేసే వల తీయడానికి, పెట్టడానికి వీలుగా ఉందా

మౌంట్ మార్చితే, లైటు పాతదే అయినా, పగడాలకు అది కొత్త వెలుగే. అంతకు ముందు వాడిన తీవ్రతలో సగంతో మొదలుపెట్టి వారానికి 5 శాతం చొప్పున పెంచండి. వెలుగు సమయం రోజుకు 8 నుంచి 10 గంటలు చాలు. జోవాలు కాడలు సాగదీస్తే వెలుగు చాలడం లేదు. మష్రూమ్‌లు ముడుచుకుని రంగు పాలిపోతే ఎక్కువైంది. పెంచడం ఆపి, ఒక మెట్టు తగ్గించి, రెండు వారాలు చూడండి.

## 10. తరచూ వచ్చే ఇబ్బందులు

రాళ్ల కింద కటిక నీడ: ఒక్క చోటి నుంచి వచ్చే వెలుగుకు ఇది సహజం. 5 సెం.మీ. పైకి జరిపి, తీవ్రత కాస్త పెంచండి. అప్పటికీ పోకపోతే లైటు కింద వెలుగును చెదరగొట్టే డిఫ్యూజరు షీటు పెట్టండి.

ముందు గాజు మీద నాచు ఎక్కువ: లైటు ముందుకు వచ్చింది. 3 సెం.మీ. వెనక్కి జరపండి. లైటును గాజుల మధ్యకు కాదు, రాళ్ల మధ్యకు సరిచూసుకోవాలి.

కంట్లో వెలుగు: లైటు చుట్టూ 4 సెం.మీ. ఎత్తున నల్ల ఆక్రిలిక్ పట్టీ కట్టండి. గాలి రంధ్రాలు మూయకండి.

ఎండాకాలం నీటి వేడి: హైదరాబాద్ మే నెలలో నీరు 26 డిగ్రీల దగ్గర నిలవడం కష్టం. ఇదే నిలువు కడ్డీకి చిన్న ఫ్యాను బిగించి, గాలి నీటి పైన అడ్డంగా వీచేలా తిప్పండి. ఆవిరైన నీటికి బదులు ఆర్‌ఓ నీరే పోయాలి, ఉప్పునీరు కాదు. తీరప్రాంతంలో గాలి తేమకు ఫ్యాను అంతగా పని చేయదు, అక్కడ నీటిని చల్లబరిచే చిల్లర్ తప్పకపోవచ్చు.

## 11. నిర్వహణ

వారానికోసారి లైటు ఆర్పి, చల్లారాక, ఆర్‌ఓ నీటితో తడిపిన మెత్తని గుడ్డతో లెన్సు, అడ్డ కడ్డీ తుడవండి. ఉప్పు పొర పల్చగా ఉన్నప్పుడు కంటికి కనిపించదు, వెలుగును మాత్రం తగ్గిస్తుంది.

నెలకోసారి చేత్తో తిప్పే మరలు, క్యాబినెట్ లోపలి మూడు బోల్టులు బిగుతు చూడండి. భద్రతా తీగను లాగి చూడండి.

ఏడాదికోసారి బోల్టులు, టీ నట్టులు మార్చే పని పెట్టుకోండి. టీ నట్టులు చాలావరకు పూత వేసిన మామూలు ఉక్కువే, ముందు తుప్పు పట్టేవి అవే. లైటును పూర్తిగా దించాకే పని మొదలుపెట్టండి. ఒక బోల్టు విప్పి, కొత్తది వేసి బిగించాకే రెండోది విప్పండి.